కలకత్తా మ్యూజియమునకు మూలపురుషుడు: నథానియేల్ వాలిక్

కలకత్తా నగరమునకు పోయి వచ్చినవారు చౌరంగీ వీధిలోని గొప్ప మ్యూజియమును గూర్చి చెప్పక మానరు. ఆ ప్రాంతపు సామాన్యజనులు దానిని జాదూఘరు, అనగా ఇంద్రజాల గృహమని పిలుతురు. నడుమ పచ్చని బయలు విడిచి, నాలుగు వైపులను ఎత్తైన స్తంభముల వసారాలతో కట్టిన ఆ మేడలో భర్హుతు స్తూపపు ఎఱ్ఱని రాతికంచె యున్నది. ఈజిప్టు దేశమున పరిమళద్రవ్యములు పూసి భద్రపరచిన మానవదేహ మున్నది. పూర్వకాలపు మృగముల యెముకలును, ఆకాశమునుండి పడిన ఉల్కాశిలలును ఉన్నవి. ఇన్ని వింతలను ఒక్కచోట జేర్పవలెనని మొదట పూనుకొన్నవా డెవ్వడని యడిగినయెడల, పలువురు ఏ గవర్నరు జనరలు పేరో, ఏ మహారాజు పేరో చెప్పుదురు. వాస్తవము వేఱు. ఆ పూనిక చేసినవాడు ఒకప్పుడు యుద్ధఖైదీగా పట్టుబడిన పరదేశి వైద్యుడు. ఆయన చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది గనుక, నాకు తెలిసినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాను.

నథానియేల్ వాలిక్ 1786వ సంవత్సరము జనవరి 28వ తేదీన డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగనులో జన్మించెను. ఆయన తండ్రి యూదులలో ఒక వర్తకుడు. బాలుడు శస్త్రవైద్య విద్యాలయమున చేరి, 1806లో పట్టము పొందెను. ఆ విద్యాలయమున శస్త్రవైద్యము నేర్చుచునే మార్టిన్ వాల్ అను ప్రసిద్ధ పండితునియొద్ద వృక్షశాస్త్రము నభ్యసించెను. ఆ దినములలో వైద్యుడగువానికి చెట్టుచేమల జ్ఞానము అవసరము. ఔషధములలో హెచ్చుభాగము వాని వేళ్లనుండియు ఆకులనుండియు వచ్చునవే గదా. అయినను కొందఱికి ఆ అవసరమే వ్యసనముగ మాఱును. వాలిక్ అట్టివాడు.

అప్పుడు హుగ్లీ నదీతీరమున, కలకత్తాకు కొంచె మెగువగా, శ్రీరామపురమను చిన్న పట్టణము డెన్మార్కు రాజుకు చెంది యుండెను. మన దక్షిణమున తరంగంబాడియు ఆ రాజుదే. శ్రీరామపురమున వైద్యుని కొలువు ఖాళీగా నుండగా, ఇరువది యొక్క యేండ్ల వాలిక్ దానిని పొంది 1807 ఏప్రిలులో ఓడ యెక్కెను. ఆయన సముద్రముమీద నుండగానే స్వదేశమున ఘోరము జరిగెను. నెపోలియనుతో యుద్ధమాడుచున్న ఆంగ్లేయులు డెన్మార్కు నౌకాబలము ఫ్రెంచివారి చేత జిక్కునని భయపడి, సెప్టెంబరు మాసారంభమున కోపెన్‌హేగను మీద ఫిరంగిగుండ్లు కురిపించి, నగరమున చాలభాగము తగులబెట్టిరి. నవంబరులో వాలిక్ శ్రీరామపురమున దిగెను. 1808 జనవరిలో ఆంగ్లేయుల కంపెనీ సేన వచ్చి ఆ పట్టణమును పట్టుకొనెను. ఆయన కొత్త కొలువు రెండు నెలలు నిలిచినదో లేదో, వైద్యుడు కాస్త ఖైదీ యయ్యెను.

శ్రీరామపురము క్రైస్తవ మిషనుల చరిత్రము చదివిన వారికి కొత్త పేరు కాదు. విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మువ్వురు మిత్రులు అచ్చుకూటము స్థాపించి పెక్కు దేశభాషలలో గ్రంథములు ముద్రించుచుండిన తావు అదియే. కేరీ పండితుడు మన తెలుగునకు ఒక వ్యాకరణము రచించి 1814లో అచ్చటనే అచ్చొత్తించెను. ఆయనకు భాషలయెడ నెంత ప్రీతియో తోటపనియందును అంత ప్రీతి. శ్రీరామపురమున ఆయన పెంచిన తోట దూరదేశముల వఱకు పేరుగాంచెను. ఆ పట్టణమున జేరిన వాలిక్‌కును ఆయనకును వృక్షశాస్త్రమే స్నేహమునకు కారణమయ్యెను. ఆ స్నేహము కేరీ 1834లో మరణించువఱకు తెగలేదు.

వాలిక్‌ను చెఱనుండి విడిపించినవాడు మఱియొక వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గు. ఈయనను మన తెలుగువారు పరాయివానిగ తలంపరాదు. కలకత్తాకు పోకమునుపు ఆయన గోదావరి మండలములోని సామర్లకోటలో పండ్రెండేండ్లు కంపెనీ వైద్యుడుగ నుండి, అచ్చట మిరియము, కాఫీ మొదలగువానిని పెంచి చూచెను. మన అడవులలోని చెట్లకు మనవారు పెట్టుకొన్న పేళ్లను విచారించి వ్రాసికొనెను. దేశీయ చిత్రకారులచేత వాని బొమ్మలు వ్రాయించెను. కోరమండలు తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథమున తెలుగు పేళ్లు నేటికిని కనబడును. 1793లో ఆయన కలకత్తా యెదుట హుగ్లీ ఆవలిగట్టున శివపురములోనున్న కంపెనీ వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. శ్రీరామపురమున జిక్కిన డేనిష్ యువకుడు మొక్కల నెఱిగినవాడని తెలిసి, తనకు సహాయుడుగ నిమ్మని దొరతనమువారిని కోరెను. 1809లో వాలిక్ విడుదలయై, ఏ కంపెనీ తనను బంధించెనో ఆ కంపెనీ తోటలోనే పనిచేయ నారంభించెను. ఆయనకు మనసున నెట్లుండెనో మన మూహింపవలసినదే. స్వదేశమునకు పోవు దారి మూసికొనిపోయి యుండెను. ముందఱ నున్నది శివపురపు తోట.

ఇప్పుడు మ్యూజియము కథకు వత్తము. సర్ విలియం జోన్సు 1784లో కలకత్తాయందు ఏషియాటిక్ సొసైటీ యను విద్వత్సభను నెలకొల్పెను. ఆసియాఖండమునందు మానవుడు చేసినదియు ప్రకృతి పుట్టించినదియు అంతయు ఆ సభకు విచారణీయమే. సభ్యులు జిల్లాలలో కలెక్టర్లుగను, సైనికులుగను, వైద్యులుగను తిరుగుచు తమ కంటబడిన రాగిశాసనములను, నాణెములను, విగ్రహములను, వింతజంతువుల చర్మములను సభకు పంపుచుండిరి. వాని నుంచుటకు చోటు లేకుండెను. ఒక స్థలము కావలెనని 1796లోనే ఆలోచన పుట్టినను పని సాగలేదు. 1808లో పార్కు వీధియందు సభకు సొంత భవన మేర్పడిన పిదప కూడ ఆ వస్తువులు బీరువాలలోను మూలలను పడియుండెనేగాని, వానిని వరుసగ నిలిపి, పేరు వ్రాసి, చూడవచ్చినవారికి చూపువాడు లేడాయెను.

1814వ సంవత్సరమున వాలిక్ సభవారికి ఒక లేఖ వ్రాసెను. సభ ఒక మ్యూజియమును స్థాపింపవలెనని కోరి, దానిని జీతము లేకయే తాను చూచుకొందుననియు, తన సొంత సంగ్రహమునందు రెండేసి ప్రతులున్న వస్తువులను దానికి ప్రారంభముగ నిచ్చెదననియు అందు తెలియజేసెను. ఫిబ్రవరి 2వ తేదీన సభ దాని నంగీకరించెను. నాటినుండి మ్యూజియమునకు జన్మదినము అదియే. 2014లో దాని ద్విశతాబ్ది ఉత్సవమును ఆ తేదీనే జరిపిరి. ఆసియాఖండ మంతటిలో మ్యూజియములలో మొట్టమొదటి వానిలో నొకటిగ దీని నెన్నుదురు.

ఏ వస్తువులను స్వీకరింపవలయునో సభవా రొక పట్టిక వ్రాసికొనిరి. రాతిమీదను లోహముమీదను చెక్కిన శాసనములు, హిందువులవియు మహమ్మదీయులవియునగు ప్రాచీన నిర్మాణములు, దేవతావిగ్రహములు, నాణెములు, వ్రాతప్రతులు, తూర్పుదేశపు ఆయుధములు, వాద్యములు, పూజాపాత్రలు, చేతిపనివారి పనిముట్లు, ఎండబెట్టిన జంతువులు, అస్థిపంజరములు, పక్షులు, మొక్కలు, కాయలు, ఖనిజములు అన్నియు నందున్నవి. ఈ పట్టికను చదువునపుడు నాకు రెండు భావములు కలుగును. ఒకటి ఆశ్చర్యము: కుమ్మరి సారెను, కమ్మరి సుత్తిని, రాజశాసనమును ఒక్క పంక్తిని గూర్చుండబెట్టిన మనసు విశాలమైనది. రెండవది వేఱొక విధమైనది. పూజాపాత్ర పూజామందిరమున నున్నంతకాలము పట్టికకు ఎక్కదు. అది అచ్చటనుండి లేచి వచ్చిన పిదపనే గదా సంఖ్య పడును. లేపినవా డెవ్వడు, ఏ హక్కున లేపెను అను ప్రశ్నకు ఆ పట్టికలో గడి లేదు.

జూను 1వ తేదీన వాలిక్ పని నారంభించెను. మ్యూజియమును రెండు భాగములు చేసిరి: మానవకృతములును పురాతనములును ఒకవైపు, జంతువులును రాళ్లును ఒకవైపు. మొదటిది గ్రంథాలయాధికారి చూచుకొనగా రెండవదానిని వాలిక్ చూచుకొనెను. దాతలు వరుసగ వచ్చిరి. వారిలో హెచ్చుమంది ఐరోపావారు. హిందూ వేషభాషలను ప్రేమించుటచే హిందూ స్టూవర్టు అని పిలువబడిన సైనికుడును, నేపాళమున నుండిన హాడ్జ్‌సనును, కల్నల్ మెకంజీయును అందు ముఖ్యులు. దేశీయులలో సర్ధనా సంస్థానమేలిన బేగం సమ్రూ, కాళీకృష్ణ బహద్దరు మొదలగు వారున్నారు. దీనిని గమనింపుడు: 1829వ సంవత్సరము వఱకు ఆ సభలో ఒక్క భారతీయుడైన సభ్యుడు లేడు. మన పూర్వులు చెక్కిన రాళ్లకు లోపల పీఠము దొరకినది గాని, ఆ రాళ్ల నెట్లు చదువవలెనో సభవారికి నేర్పిన మన పండితులకు సభలో పీఠము దొరకుటకు నలువదియైదేండ్లు పట్టినది. రామకమల సేనుడను వంగదేశీయుడు అచ్చుకూటములో అక్షరములు పేర్చు పనితో బ్రతుకు మొదలుపెట్టి, సభలో గుమాస్తాగ చేరి, తుదకు దేశీయ కార్యదర్శి యయ్యెను. మ్యూజియమునకు వస్తువులు చేకూర్చుటలో ఆయన చేసిన సేవ చిన్నది కాదు. ఇంగ్లీషు వంగ నిఘంటువును రచించినదియు ఈయనయే.

మెకంజీ పేరు చెప్పిన పిమ్మట తెలుగువాడు ఒక నిమిషమాగవలెను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి పట్టణమును కట్టించు దినములలో అచ్చటి దిబ్బనుండి చెక్కడపు రాళ్లు బయల్పడుచుండెనని విని, 1798లో మెకంజీ దానిని చూడబోయెను. 1816లో మరల పోయి దిబ్బను త్రవ్వించి, చిత్రకారులచేత ఒక్కొక్క రాతికి బొమ్మ వ్రాయించెను. ఆ ఫలకములలో కొన్ని కృష్ణాతీరము విడిచి హుగ్లీతీరమున సభ మ్యూజియమునకు చేరినవి. మెకంజీకి కన్నులును నాలుకయు నయినవారు కావలి సోదరులు: బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఏలూరువారు. దొర గతించిన తరువాత ఆ పరిశోధనమును తాను కొనసాగింతునని లక్ష్మయ్య పూనుకొనగా, అట్టి పనికి ఆయన చాలడని అదే సభవారు త్రోసివేసిరి. కల్నలు 1821లో మరణించువఱకు ఆ పనిలో ప్రతి యడుగును వేసినవారెవరో వారికి తెలియనిది కాదు.

వాలిక్ మ్యూజియమున నుండినది కొలది మాసములే. 1814 ఆగస్టులో ఆయనకు కంపెనీ వారి వైద్యశాఖలో ఉద్యోగ మిచ్చిరి. ఆ సంవత్సరాంతమున మ్యూజియమును విడిచెను. పిదప వచ్చినవారికి సభ నెలకు ఏబది మొదలు రెండువందల రూపాయల వఱకు జీత మిచ్చెను. రాక్స్‌బర్గు 1813లోనే రోగియై దేశము విడిచి పోయి యుండగా, శివపురపు తోట 1817లో స్థిరముగ వాలిక్ చేతికి వచ్చెను. 1846 వఱకు ఆయన జీవితమంతయు ఆ తోటయే.

ఆయన యాత్రలను విస్తరించి వ్రాయుటకు ఇచ్చట తావు లేదు. 1820లో నేపాళమునకు పోయి ఒక సంవత్సరముండెను. ఆ ప్రభుత్వము ఆయనను ఖాట్మాండు లోయ దాటి పోనియ్యలేదు. ఆయన యుపాయమేమనగా, మంచుకొండలలోని గోసాయిస్థానమునకు యాత్రపోవు భక్తులచేత అచ్చటి మొక్కలను తెప్పించుకొనుట. ఆ స్థలనామము వ్రాసియున్న ఎండుమొక్కలు నేటికిని వృక్షశాస్త్రజ్ఞులు పరిశీలించుచునే యున్నారు. అవి తెచ్చిన యాత్రికుల పేళ్లు మాత్రము వానిమీద లేవు. 1822లో ఆరోగ్యము కొఱకు సింగపూరు పోగా, అప్పుడే ఆ పట్టణమును నిర్మించుచుండిన రాఫిల్సు దొర ఆయనచేత వృక్షోద్యానమునకు స్థలము నిర్ణయింపజేసెను. 1826లో బర్మారాజునొద్దకు పోయిన రాయబారముతో ఆవా నగరము చూచెను. సాల్వీను నదీప్రాంతమున ఒక బౌద్ధ విహారపు తోటలో ఎఱ్ఱని పూలగుత్తులు వ్రేలాడుచున్న చెట్టొకటి ఆయన కంటబడెను. దగ్గఱి గుహలలో బుద్ధవిగ్రహముల ముందఱ ఆ పూలనే జనులు రాసులు పోసి యుండిరి. గవర్నరు జనరలు భార్యయగు ఆమ్హర్స్టు దొరసాని పేర ఆయన దానికి నామకరణము చేసెను. బర్మావారు దానికి ముందే ఒక పేరు పెట్టుకొని తరతరములుగ పూజకు వాడుచుండిరనుట చెప్ప నక్కఱలేదు.

1828లో ఆయన పీపాలకొలది ఎండుమొక్కలను ఓడ కెక్కించి లండను చేరెను. తాను సేకరించినవే గాక, రాక్స్‌బర్గు, విశాఖపట్టణమున నుండిన రస్సెలు, సామర్లకోటలో పనిచేసిన హైను, తరంగంబాడి మిషనరీ రాట్లరు మొదలగువారి సంగ్రహములును ఆ కంపెనీ నిధిలో కలిసెను. నాలుగేండ్లు కూర్చుండి, వానికి సంఖ్యలు వేసి, తన స్వహస్తముతో వ్రాసిన పట్టికను రాతియచ్చున ముద్రించి, ప్రతులను ఐరోపా పండితుల కందఱకును పంచిపెట్టెను. పట్టికలోని సంఖ్యలు తొమ్మిదివేలకు మించినవి. ఎండుమొక్కలు ఇరువదివేలకు పైబడినవి. మొదటి ప్రతుల వరుసను లండనులోని లిన్నేయను సభకు 1832లో ఒప్పగించిరి. 1913లో అది క్యూ ఉద్యానమునకు పోయెను. నేటికి నచ్చటనే యున్నది. కలకత్తా తోటలోనివారు మరల మొదటినుండి మొక్కలు కూర్చుకొనవలసి వచ్చెను.

ఇచ్చట వాలిక్‌ను పొగడుటయా తెగడుటయా? కలకత్తాలో వస్తువులు ఒక్కచోట నుండవలెనని కోరినవాడే ఇండియా మొక్కలను ఇండియానుండి తీసికొనిపోయెను. అయితే ఆయన దాచుకొనలేదు, అడిగినవారికెల్ల పంచెను. అట్లు పంచుటచే లోకమున ఏ దేశపు పండితుడైనను మన మొక్కల నెఱుగ గలిగెను. మనదేశపు విద్యార్థి మాత్రము తన యూరి కొండమీది మొక్క మొదటి ప్రతిని చూడ గోరినయెడల సముద్రము దాటవలసి వచ్చెను. రెండును సత్యములే, ఒకటి చెప్పి రెండవది దాచుట చరిత్రము కాదు.

ఒక విషయమున ఆయన మెప్పునకు పాత్రుడు. ఆ ప్రవాసమునందే ఆసియాలోని అరుదైన మొక్కలను గూర్చి మూడు సంపుటముల గ్రంథమును 1830 మొదలు 1832 వఱకు ప్రకటించెను. అందలి రంగుబొమ్మలలో చాలభాగము శివపురపు తోటలో జీతము పుచ్చుకొని పనిచేసిన భారతీయ చిత్రకారులవి. వారిలో విష్ణుప్రసాదు, గోరాచాందు అను వారి పేళ్లను ఆయన బొమ్మల క్రింద అచ్చొత్తించెను. ఆ కాలమున అట్టి మర్యాద అరుదు. వారి చరిత్రము మనకు తెలియకపోయినను పేళ్లయిన నిలిచినవి.

మరల ఇండియాకు వచ్చిన పిదప వాలిక్ దినములు కొంత చేదుగ గడచెను. అస్సాము దేశపు అడవులలో తేయాకు చెట్లున్నవని 1825లో ఆకులు పంపగా, అవి తేయాకు కావు, దాని జాతిలోని వేఱొక మొక్కవని ఆయన తీర్పు చెప్పి యుండెను. పూవును కాయయు లేక ఆకు మాత్రము చూచి నిశ్చయించుట కష్టమే; అయినను తప్పు తప్పే. అచ్చటి సింగ్‌ఫో జాతివారు ఆ యాకును కాచుకొని త్రాగుచునే యుండిరి. 1834లో బెంటింకు ప్రభువు తేయాకు సంఘము నేర్పరచెను. వాలిక్, రాధాకాంత దేవుడు, మన మెఱిగిన రామకమల సేనుడు అందు సభ్యులు. కాయలు చేరిన తరువాత అది తేయాకే యని ఆ సంవత్సరము డిసెంబరులో సంఘము ప్రకటించెను. మరుసటి యేట అస్సామునకు పోయిన పరిశోధకులలో వాలిక్‌తో కూడ విలియం గ్రిఫిత్తను యువకుడుండెను. తెలివిలో అగ్ని, మాటలో ముల్లు. ఇద్దఱికిని పడలేదు.

1842లో వాలిక్ జబ్బుపడి ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసివచ్చెను. ఆయన స్థానమున తోటను గ్రిఫిత్తున కప్పగించిరి. చెట్లు శాస్త్రక్రమమున నాటబడలేదనియు, విద్యార్థికి పాఠము కావలసిన తోట విహారవనముగ నున్నదనియు గ్రిఫిత్తు అభిప్రాయము. ఆ యభిప్రాయమున న్యాయము లేకపోలేదు. కాని ఆయన చేతికి గొడ్డలి దొరకెను. టేకు, మహాగని, లవంగము, జాజి, దాల్చిన తోపులు నేల గూలెను. చూడవచ్చినవారందఱు మెచ్చుకొన్న సాగో చెట్ల బాట రూపుమాసెను. 1844లో తిరిగి వచ్చిన వృద్ధుడు తాను ముప్పదియేండ్లు పెంచిన చెట్లనీడ లేక ఎండ కాయుచున్న నేలను చూచెను. గ్రిఫిత్తు మలక్కాకు పోయి 1845 ఫిబ్రవరిలో ముప్పదినాలుగేండ్లకే రోగముచే మరణించెను. ఆతడు తలచిన శాస్త్రోద్యానమును నాటుటకు కాలము చాలలేదు. చెట్లను కొట్టుటకు చాలినకాలము నాటుటకు చాలదు గదా.

ఆ యేటనే డెన్మార్కు రాజు తరంగంబాడిని, శ్రీరామపురమును పండ్రెండున్నర లక్షల రూపాయలకు ఆంగ్లేయుల కంపెనీకి అమ్మివేసెను. ఏ పట్టణమున రాజసేవకై దిగెనో ఆ పట్టణమే ఇక ఆ రాజుది కాదు. 1846లో వాలిక్ ఉద్యోగము విడిచి లండనునకు పోయి, లిన్నేయను సభకు ఉపాధ్యక్షుడుగ నుండి, 1854 ఏప్రిలు 28వ తేదీన మరణించెను. కలకత్తాలో పుట్టిన ఆయన కుమారుడు జార్జి చార్లెసు కూడ వైద్యుడై, సముద్రపు అడుగున బ్రతుకు సూక్ష్మప్రాణులను పరిశోధించి పేరుపొందెను. హిమాలయములలోని ఒక దేవదారు జాతియు, ఒక అడవికోడియు, రాక్స్‌బర్గు పేరు పెట్టిన ఒక తాటిజాతి మొక్కయు వాలిక్ పేరు మోయుచున్నవి.

ఆయన విడిచిన మ్యూజియమును ఆయన మరణకాలమునకు సభ భరింపలేని బరువుగ నెంచుచుండెను. సభ సొమ్ము దాచుకొన్న వర్తకసంస్థ దివాలా తీయుటచే, 1836లో అధికారికి జీతమిచ్చుటకు తోచక ప్రభుత్వము నడుగగా నెలకు రెండువందల రూపాయల నిచ్చిరి. 1841లో వచ్చిన ఎడ్వర్డు బ్లైతు ఇరువదియేండ్లు స్వల్ప వేతనముతో పక్షులను జంతువులను వర్ణించుచు, డార్విను పండితునికి వలసిన సమాచారము నిచ్చుచు శ్రమపడెను. గదులు నిండెను, బీరువాలు వెలుపలికి వచ్చెను. ప్రభుత్వమే ఒక మ్యూజియమును కట్టింపవలెనని సభ మొఱపెట్టగా, 1857 నాటి కల్లోలముచే కొంతకాలము ఆగి, తుదకు 1866లో శాసనము చేసిరి. సభ తన సంగ్రహమును ధర్మకర్తల కప్పగించెను. గ్రాన్విల్లు అను శిల్పి కల్పించిన చౌరంగీ మేడ 1875లో పూర్తియయ్యెను. 1878 ఏప్రిలు 1వ తేదీన రెండు శాలలను ప్రజలకు తెఱచిరి. దేశము స్వతంత్రమై రాజ్యాంగము వ్రాసికొన్నపుడు, జాతీయ ప్రాముఖ్యముగల సంస్థలలో దీనిని పేరుపెట్టి చేర్చిరి.

అమరావతినుండి కలకత్తా చేరిన చలువరాతి ఫలకములు ఆ మేడలోనే యున్నవి. హౌరాకు పోవు రైలు మన విజయవాడ మీదుగనే పోవును. సెలవులలో చూడదలచు విద్యార్థులు పోయి చూడవచ్చును. హౌరా దిగినవారికి వాలిక్ పెంచిన శివపురపు తోట ఇవతలి గట్టుననే యున్నది. మ్యూజియమునకు వంతెన దాటి పోవలెను.